గా పొగ మనది

ఆయన ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడూ అంతే. మా ఆవిడ కుర్చీ వేసి మంచినీళ్ళు తెచ్చేలోపు వంటింటి గుమ్మంలోకి నడిచి, గ్యాస్ పొయ్యి మీద పాలు కాగుతుంటే కింద మంటను వంగి చూసి, "గిది ఎవరిది తమ్మీ?" అని అడిగాడు.

"మాదే. పోయిన దసరాకి కొన్నాం."

"పొయ్యి కాదు. మంట. మంట ఎవరిది?"

సిలిండర్లు తెచ్చే ఏజెన్సీ పేరు చెప్పాను. ఆయన తల ఊపాడు. "అంటే కిరాయి మంట," అన్నాడు. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఇలాంటివాళ్ళు నీకే ఎక్కడ దొరుకుతారయ్యా అని ఆ చూపుకు అర్థం.

దొరికింది కాజీపల్లిలో. అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో నేను బాయిలర్ దగ్గర ఫైర్‌మ్యాన్‌ని. లోకంలో ఫైర్‌మ్యాన్ అంటే మంటలు ఆర్పేవాడు. మా దగ్గర మంట ఆరిపోతే ఉద్యోగం ఊడేవాడు. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనికి వచ్చి, నన్ను ఇంజనీరును చేద్దామనుకున్నాడు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు ఎలా నడుస్తారో ఆయన వెనకాలే నడిచి క్లాసుకు చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగారు. ఆ రోజు బయటికి వచ్చినవాడిని మళ్ళీ లోపలికి పోలేదు. నవ్వించడం మాత్రం మానలేదు. అది మానేసి ఉంటే ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మొన్న బాయిలర్‌లో కాల్చే బ్రికెట్ల లారీ డ్రైవర్ చలాన్ నా చేతిలో పెడుతూ, "పెద్దాయన పోయిండన్నా, నాలుగు దినాలైంది," అన్నాడు. ఏ పెద్దాయన అని నేను అడగలేదు. ఈ లోడు దించడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. ఆ సమయంలో ఆ ప్రశ్న నా నోటికి ఎందుకు వచ్చిందో తెలియదు. డ్రైవర్ కూడా పెద్దాయన తండావాడే. "ఎప్పుడూ పట్టేంతనే," అని వెళ్ళిపోయాడు.

పేరు రాయను. మా గేటు దగ్గర రిజిస్టర్‌లో కూడా ఆయన పేరు ఎవరూ పూర్తిగా రాయలేదు. నాయక్ అని రాసి వదిలేసేవాళ్ళు. ఆ తండాలో సగం మంది నాయక్‌లే అయినా గేటు దగ్గర నాయక్ అంటే ఆయనొక్కడే. కారణం హెల్మెట్. ఫ్యాక్టరీలోకి ఎవరొచ్చినా పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకోవాలి. ఆయన తలకు పెద్ద తలపాగా. తీయనన్నాడు. సెక్యూరిటీ వాళ్ళు ఊరుకోలేదు. ఆఖరికి తలపాగా మీదే హెల్మెట్ బోర్లించుకుని, కుండ మీద మూత పెట్టినట్టు, అది పడిపోకుండా మెడ నిటారుగా పెట్టి నడిచేవాడు. చూసేవాళ్ళకు మహారాజు నడిచొస్తున్నట్టు ఉండేది.

"పెద్దాయనా, కిరీటం బావుంది," అనేవాడిని.

"టోపీ మీది, తల మాది. మిగిలిందంత మనది," అనేవాడు.

ఆ ఆఖరి మాట ఊరికే అన్నది కాదు. ఆయనకు "మన" అనే మాట మీద చచ్చేంత ఇష్టం. మన బాయిలరు, మన చిమ్నీ, లారీలు తూచే మన వేబ్రిడ్జి. మా ఫ్యాక్టరీ యజమాని కూడా ఆ ఫ్యాక్టరీని అన్నిసార్లు మనది అనుకుని ఉండడు. ఒకసారి ఇద్దరం కలిసి బస్సులో వస్తున్నాం. కాజీపల్లి దగ్గర పడగానే అందరూ అలవాటుగా కొంగులు, కర్చీఫులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఈయన మాత్రం కిటికీలోంచి సగం బయటికి వంగి, మా చిమ్నీ వైపు చెయ్యి చూపించి, పక్క సీటులో ఉన్న ఆవిడతో, "గా తెల్ల పొగ సూసినవా అమ్మా, గా పొగ మనది," అన్నాడు.

"ఈ కంపు గూడ మీదేనా?" అంది ఆవిడ ముక్కు వదలకుండానే.

"కంపు వాళ్ళది. పొగ మనది."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ మాటలో ఆయనకు నవ్వులాట లేదు. తెల్లగా, పలచగా పొగ వస్తోందంటే లోపల కాలుతున్నది ఆయన కంపెనీ సరుకు అని లెక్క.

అవును, ఆయన కంపెనీయే. ఆయనది కాదంటే కోప్పడేవాడు గాని, నిజానికి తండాది. బొంతపల్లి దాటి అడవి వైపు పోతే ఆ లంబాడీ తండా వస్తుంది. చుట్టూ పత్తి చేలు. పత్తి ఏరాక మిగిలిన కట్టెను అందరూ చేలోనే తగలబెట్టేవాళ్ళు. తండా మొగవాళ్ళు, ఆడవాళ్ళు పొద్దున్నే ఆటోల్లో కాజీపల్లి వచ్చి ఫ్యాక్టరీల్లో బస్తాలు మోసేవాళ్ళు, బాయిలర్ బూడిద ఎత్తేవాళ్ళు. ఈయన కూడా కొన్నేళ్ళు బూడిద ఎత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ ఒక రోజు ఆగి, ఇది ఏం కాలిన బూడిద అని ఎవరినో అడిగాడట. పత్తి కట్టె, వేరుశనగ పొట్టు పొడి చేసి, మిషన్‌లో ఒత్తి, అప్పడాల కర్రంత ముక్కలు చేస్తారు, వాటిని బ్రికెట్లంటారు, ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వస్తాయి అని చెప్పారట.

"కట్టె మన చేన్ల కాలవెడుతున్నం. గదే కట్టె వేరేటోళ్ళు తెచ్చి గీడ కాలవెడుతున్నరు. మనం నడుమల బూడిద ఎత్తుతున్నం. గిదేం కథ తమ్మీ?" అని నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

ఇంటికొక వాటా చొప్పున తండా అంతా చేరింది. సొసైటీ పెట్టారు. ప్రభుత్వం కొంత సాయం చేసింది, బ్యాంకు కొంత ఇచ్చింది, ఆడవాళ్ళ కాళ్ళ వెండి కొంత కరిగింది. షెడ్డు వేసి మిషను తెచ్చారు. మిషను మీద ఆడవాళ్ళే. వాళ్ళందరికీ నాయకురాలు పెద్దాయన కోడలు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, మాట కొడవలి. మొదటిసారి షెడ్డు చూడబోయినప్పుడు, "మీ మామగారు ఛైర్మనా? మరి నువ్వెవరు?" అని ఆటపట్టించాను. "ఛైర్మను కూసుంటడు. నేను నిలబడుత. అందుకే మిషను నడుస్తున్నది అన్నా," అంది చేతులు దులుపుకుంటూ.

మొదటి లోడు మా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఆయన ట్రాక్టర్ ట్రాలీకి బంతిపూల దండ కట్టి, కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. బాయిలర్ ముందు నిలబడి, "యాడీ" అని దండం పెట్టాడు. వాళ్ళ భాషలో అమ్మ అని.

"మా బాయిలర్‌కి పెళ్ళి చేస్తున్నారా పెద్దాయనా?"

"పెళ్ళి కాదు తమ్మీ, సీమంతం. ఇయ్యాలటి సంది కడుపు నింపేది మనమే."

తర్వాత రెండు ముక్కలు తీసి నా చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టాడు. ఎండినవైతే గట్టిగా మోగుతాయి. "విన్నవా?" అన్నాడు. ప్రతి లోడుకీ అదే. నేను మంటలో పలుగు పెట్టి కెలుకుతుంటే వెనకనుంచి వచ్చి చెవి దగ్గర టంగుమనిపించేవాడు. నేను ఉలిక్కిపడితే చిన్నపిల్లాడిలా సంతోషం. వారానికి ఒకసారైనా ఫోను. "ఏం తమ్మీ, పొయ్యిల ఏమేసినవు? రోడ్డు మీదికి పొగ నల్లగ కనవడుతున్నది. గది మన సరుకు కాదు." నిజమే. ఆ రోజు వేరే చోట నుంచి వచ్చిన సరుకు వేసి ఉండేవాడిని. పొగను చూసి ఎవరి పొగో చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒకసారి అడిగాను, ఈ వయసులో ఇదంతా ఎందుకు, కూలికి వెళ్ళినప్పుడే హాయిగా ఉండేది కదా అని. ఆయన బాయిలర్ పక్కన మూలుగుతున్న పంపు మీద చెయ్యి వేసి చెప్పాడు. "కూలి అంటే ఏంది తమ్మీ? వేరేటోళ్ళ పరేషాన్ మనం మోసుడు. ఇప్పుడు పొద్దుగాల లేస్తే మిషన్ పరేషాన్, కరెంటు పరేషాన్, బ్యాంకోడి పరేషాన్. అన్ని మనయే. మన పరేషాన్ మనది. గది జెర మంచిగుంటది."

అది శ్రావణం. తండాలో తీజ్ పండుగ రోజులు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. మొలకలు ఎంత ఎత్తు వస్తే అంత మంచిదని నమ్మకం. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాడిని కాదని చెప్పుకోవాలని ఉంది, కానీ నా నోటి సంగతి నాకు తెలుసు.

ఆ పండుగ రోజుల్లోనే ఒకనాడు ఆయన లోడు వచ్చింది. గేటు దగ్గర వరసలో ఉండగానే పెద్ద వాన. వాన వెలిశాక తేమ మీటరు గుచ్చితే ఉండాల్సిన దానికి రెండింతలు చూపించింది. స్టోర్స్ ఇన్‌చార్జి చుట్టూ నలుగురిని పెట్టుకుని ఆయన మీద లేచాడు. "ఇదేనా నాయక్ మీ సరుకు? నీళ్ళు అమ్ముతున్నారా మాకు?"

"మా కాడికెళ్ళి ఎండుగనే బయలెల్లింది సారు. నేనే కట్టిన తాడ్‌పత్రి," అంటున్నాడు ఆయన, ట్రాలీ మీది టార్పాలిన్ వైపు తల ఊపుతూ, తడిసిన ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని. వాటిని ఒకదానితో ఒకటి కొట్టాడు. మోగలేదు.

అప్పుడు నేను అందుకున్నాను. "సార్, ఇవి కాలే రకం కాదు. పొయ్యిలో వేస్తే మొలకలొస్తాయి."

అందరూ విరగబడి నవ్వారు. లోడు దించే బీహారు కుర్రాళ్ళకు ఎవరో హిందీలో చెబితే వాళ్ళు ఇంకో విడత నవ్వారు. ఇన్‌చార్జి కోపం కూడా నవ్వులో పోయింది. "తీసుకుపో నాయక్, వాపస్," అని వెళ్ళిపోయాడు.

ఆయన మాత్రం నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసి చూశాడు. హెల్మెట్ మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. "మొలకలొస్తయా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "తండల ఇప్పుడు గదే నడుస్తున్నది తమ్మీ. పిల్లలు గోధుమలు పోసిన్రు. తీజ్ దినాలల్ల నీ నోట మొలక మాట వచ్చింది. లోడు పోతే పోనీ. మన కంపెనీ లేస్తది."

నా దీవెన అనుకున్నాడు. కాదని చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. నేను ఆయన చెయ్యి ఊపి, "లేస్తుంది, లేస్తుంది," అన్నాను. పక్కనున్న లోడింగ్ మేస్త్రి మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

నెల తిరక్కుండా ఆయన కొత్తగా రంగు వేసిన ట్రాలీతో వచ్చాడు. వెనక తలుపు మీద బుట్ట, బుట్టలో ఏపుగా ఆకుపచ్చ మొలకలు, కింద ఎర్ర అక్షరాలతో "మన మొలక". పటాన్‌చెరులో ఆర్టిస్టు చేత వేయించాడట. "నీ మాటనే రాయించిన తమ్మీ. అందరికి చెప్తున్న, కాజీపల్లి ఫైర్‌మ్యాన్ తమ్మి పెట్టిన పేరని."

అందరికీ అంటే నిజంగానే అందరికీ. చుట్టుపక్కల ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, వేబ్రిడ్జిల దగ్గర, స్టోర్స్ కిటికీల దగ్గర, ఆయనే స్వయంగా. ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పి, లోడు తడిసిందని కూడా దాచకుండా చెప్పి, ఇంత మంచి మాట వచ్చిందని చెప్పేవాడు. వినేవాళ్ళకు ఏం వినపడిందో ఆయనకు తెలియదు. పొయ్యిలో వేసే సరుకు మీద పచ్చటి మొక్క బొమ్మ చూసి ఏ కొనుగోలు ఆఫీసరైనా ఏమనుకుంటాడు? ట్రాలీ ఫోటో ఫోన్లలో తిరిగింది. మొలకల కంపెనీ అని పేరు పడింది. మా బీహారు కుర్రాళ్ళు దూరం నుంచే, "మొల్కా ఆయా భయ్యా, మొల్కా," అని కేకేసేవాళ్ళు. ఆయన వాళ్ళకు చెయ్యి ఊపేవాడు. నేను స్టోర్స్ గదిలో కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అది నా జోకు కదా, అంత దూరం నడిచిన జోకు నాకు ఇంకొకటి లేదు.

ఒక ఫ్యాక్టరీ ఆర్డరు ఆపింది. తర్వాత ఇంకొకటి. కారణం అడిగితే తేమ అన్నారు. మీటరు గుచ్చి చూడమంటే, వద్దులే నాయక్ అన్నారు.

ఇక్కడిదాకా ఒక సంగతి దాటేశాను. వాన రోజున, ఇంకా చినుకు పడకముందు, ఆ ట్రాలీ గేటు బయట ఉన్నప్పుడు, శాంపిల్ ముక్కలు తీయాల్సిన స్టోర్స్ మనిషి పైకెక్కడానికి బద్ధకించి నన్ను పంపాడు. అది నా పని కాదు. అయినా ఎక్కాను. పెద్దాయన ఆఫీసులో సంతకం కోసం నిలబడి ఉన్నాడు. వెనక మూల తాడు విప్పి, టార్పాలిన్ ఎత్తి, ఐదు ముక్కలు తీశాను. ఎండు ముక్కలు. ఎంత ఎండుగా ఉన్నాయంటే జేబులో వేసుకుంటే గలగలమన్నాయి. కింద ఎవరో చాయ్ వచ్చిందని పిలిచారు. తాడును బూటు లేసు కట్టినట్టు ఒక ముడి వేసి దిగిపోయాను. గాలికి ఆ ముడి ఊడి, మళ్ళీ ఎవరో దాన్ని లాగి కట్టేలోపు సగం ట్రాలీ తడిసింది. జేబులో ఐదు ముక్కలూ ఎవరికీ చూపించకుండా పొయ్యిలో వేసేశాను. బాగా కాలాయి.

నేను నలుగురిలో మొలకల మాట అన్నది ఎందుకో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను. టార్పాలిన్ ఎవరు విప్పారని ఎవరూ అడగకుండా.

తర్వాతి ఎండాకాలం ఒక ఆదివారం ఆయన నన్ను తండాకు పిలిచాడు. మామూలుగా ఫోను చేసేవాడు. ఈసారి స్వయంగా మా ఇంటికి వచ్చి పిలిచాడు. వంటింట్లోకి పోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "సంగారెడ్డి సేటు షెడ్డు లీజుకు అడుగుతున్నడు. బోర్డు ఆయనది పెడ్తడంట, పని మనల్ని చేయుమంటున్నడు. తండల సగం మంది సరే అంటున్నరు. ఇగ మన సరుకు ఎవడు కొనడంటున్నరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు తమ్మీ. పొయ్యి కాడ నిలవడేటోడివి నువ్వు. మన సరుకు ఎండుగనే ఉంటదని నువ్వు చెప్తే నమ్ముతరు. ఒక్క ఏడు ఆగుతరు. నాకు ఒక్క ఏడు చాలు."

వెళ్ళాను. షెడ్డులోనే మీటింగు. ఆడవాళ్ళు ముందు వరసలో, మిషను చుట్టూ. మొగవాళ్ళు వెనక. సేటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సంగారెడ్డిలో ధాన్యం, పొట్టు వ్యాపారం ఆయనది. చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడే. "నాదేమున్నదమ్మా, మీ దగ్గర సరుకున్నది, నా దగ్గర పేరున్నది. రెండు కలిస్తే నడుస్తది," అని నిదానంగా చెప్పాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, మా స్టోర్స్ ఇన్‌చార్జి బాగున్నాడా అని అడిగాడు. వాళ్ళిద్దరూ బాగా తెలిసినవాళ్ళని అప్పుడే నాకు తెలిసింది. నేను అక్కడ ఏం మాట్లాడినా సోమవారం పొద్దున్నకి ఫ్యాక్టరీలో ఉంటుంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. శాంపిల్ కోసం ఎక్కకూడని ట్రాలీ ఎక్కానని తెలిస్తే గేటు బయటే.

ఒక ముసలాయన లేచి అడిగాడు. "సారూ, నీకైతే తెల్సు. గా వానదినం మన లోడు ఈడికెళ్ళి తడిసే బయలెల్లిందా? మీ కాడికి వచ్చినంక తడిసిందా?"

షెడ్డంతా నా వైపు చూసింది. పెద్దాయన మిషను పక్కన నిలబడి, తలపాగా సర్దుకుంటూ నా వైపే చూస్తున్నాడు. కళ్ళల్లో తొందర లేదు.

"నేను పొయ్యి దగ్గరి మనిషిని తాతా," అన్నాను. "నాకు కాలినవే తెలుస్తాయి. తడిసినవాటి సంగతి వానను అడగాలి. దాని ఫోను నంబరు నా దగ్గర లేదు."

నవ్వారు. సేటు అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా, అందరూ ఆపాక. కోడలు నవ్వలేదు. మిషను మీద పేరుకున్న పొట్టు చేత్తో తుడుస్తూ ఉంది.

తర్వాత చేతులు ఎత్తమన్నారు. లీజుకు ఒప్పుకునే చేతులు ఎక్కువ లేచాయి.

వారంలో బోర్డు మారింది. ట్రాలీ మీద బుట్టకు తెల్ల రంగు పూసేశారు. అదే కట్టె, అదే మిషను, అదే ఆడవాళ్ళు. సేటు పేరుతో మా గేటులోకి లోడు వచ్చింది, తేమ మీటరు గుచ్చారు, ఉండాల్సినంత కంటే తక్కువే చూపించింది. "చూశావా, సేటు సరుకంటే ఇట్లుంటుంది," అన్నాడు మా ఇన్‌చార్జి. నేను పలుగు తీసుకుని పొయ్యి వైపు వెళ్ళిపోయాను.

పెద్దాయన ఆ తర్వాత కూడా వచ్చేవాడు. ఛైర్మను కాదు, సరుకు సొంతదారు కాదు. లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని, ఊరికే. లోడు దించినంతసేపు నా దగ్గర కూర్చునేవాడు. చెవి దగ్గర ముక్కలు మోగించడం మానేశాడు. ఒకసారి చిమ్నీ వైపు చూస్తే పొగ తెల్లగా, పలచగా ఉంది. "మీ పొగే పెద్దాయనా," అన్నాను, ఆయన మొహంలో ఏదైనా కదులుతుందేమోనని.

"సేటు పొగ," అన్నాడు. కోపంగా కాదు. వేరేవాళ్ళ వస్తువు పొరపాటున చేతికి వస్తే పక్కన పెట్టినట్టు అన్నాడు. కాసేపటికి తనే, "ఇగ పరేషాన్ లేదు తమ్మీ. అంత సేటే పడుతున్నడు," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట అంత బరువైన మాట నేను వినలేదు.

చాలాసార్లు చెబుదామనుకున్నాను. ఆయన పక్కన కూర్చుని, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, పెద్దాయనా ఒక మాట అని మొదలుపెట్టేవాడిని. ఆయన నా వైపు తిరిగేవాడు. తిరగగానే నా నోటికి ఏదో ఒక జోకు వచ్చేసేది. నవ్వేవాడు. చాయ్ అయిపోయేది. అలా రెండేళ్ళు.

ఆయన పోయిన పదకొండో రోజు దినానికి వెళ్ళాను. షెడ్డు పక్కనే పందిరి వేశారు. భోజనాలయ్యాక మొగవాళ్ళు కూర్చుని ఆయన కథలు చెప్పుకుంటున్నారు. తలపాగా మీద హెల్మెట్ కథ, బాయిలర్ సీమంతం కథ, బస్సులో పొగ కథ. అన్నిట్లోనూ నేను ఉన్నాను. ఆయన ఇంటికి వెళ్ళి అన్నీ చెప్పేవాడన్నమాట. "గీ సారు మస్తు నవ్విస్తడని మావోడు అంటుండె," అని ఒకాయన నా భుజం తట్టాడు. ఇంకో కథ చెప్పమన్నారు.

చెప్పాను. వానరోజు ట్రాలీ ఎక్కింది నేనే అని చెప్పాను. తాడు విప్పింది నేనే, చాయ్ కోసం బూటు లేసు ముడి వేసింది నేనే, మీ సరుకు ఎండుగానే వచ్చింది, తడిపింది నేనే అని చెప్పాను. నేను చెప్పడం ఆపగానే వాళ్ళు నవ్వారు. నవ్వు ఆగబోయి, బూటు లేసు ముడి అని ఎవరో మళ్ళీ అంటే మళ్ళీ మొదలైంది. "చూసిన్రా, అంటలేనా నేను? గిట్ల నవ్విస్తడు," అన్నాడు భుజం తట్టినాయన కళ్ళు తుడుచుకుంటూ. నేను జోకు కాదన్నాను. దానికి ఇంకా నవ్వారు.

కోడలు విస్తళ్ళు ఎత్తుతోంది. నా ముందుకు వచ్చి ఆగింది.

"మామకు ఎర్కనే అన్నా," అంది మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. "లోడు వాపస్ వచ్చిన్నాడే ముడి చూసి చెప్పిండు, గిది నేను కట్టిన ముడి కాదని. మా తండల ఎవ్వలు గట్ల కట్టరని. ఆ దినం శాంపిల్ కోసం ఎవరెక్కిన్రో మీ గేటు కాడ అడిగి తెలుసుకున్నడు."

"మరి మీటింగులో అందరి ముందూ నా పేరు చెప్పొచ్చు కదమ్మా. ఎందుకు చెప్పలేదు? నన్ను అడగనైనా అడగలేదు."

"అడుగుడెందుకు? ఒక్క మాట చెప్పుమని నిన్ను పిలిచిండు గద."

షెడ్డులో మిషను ఆన్ చేశారు. పందిరి కిందనుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి అటు నడుస్తున్నారు. సేటు ఒక పూటే సెలవిచ్చాడట. ఆమె విస్తళ్ళు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పొట్టు లోపలికి పోకుండా కొంగును ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకుని, వాళ్ళ వెనకాల పనిలోకి వెళ్ళింది.